ఇరవై నాలుగో ఏటి పరుగు

లిఖిత కుర్చీలో కూర్చుని కుడికాలు చాపింది. డాక్టర్ మందాకిని ఆ మోకాలికి మెత్తటి పట్టీ చుట్టి, పక్కనున్న చిన్న పెట్టె మీట నొక్కింది. పది నిమిషాలు కదలకూడదని చెప్పింది. పట్టీలోంచి పోయే శబ్దతరంగాలు మనిషి చెవికి అందేవి కావు. అవి ఎముక చివర ఎదుగుతున్న కణాల దాకా వెళ్ళి, వాటి సందడి మోసుకుని తిరిగొస్తాయి. ఆ కణాలు ఇంకెన్నాళ్ళు పనిచేస్తాయో, ఆ శరీరం ఇంకెంత మారబోతోందో ఆ సందడిలోనే ఉంటుందని మందాకిని పదకొండేళ్ళు కష్టపడి కనిపెట్టింది. దానికి ఒక చుక్క రక్తమూ, ఎనిమిది వారాల పరుగుల వివరాలూ కలిపితే పెట్టె ఒక అంకె చూపిస్తుంది. ఆ అమ్మాయి ఇరవై నాలుగో ఏట ఐదువేల మీటర్లు ఎంతసేపట్లో పరిగెత్తగలదో చెప్పే అంకె అది.

లిఖితకు పదహారు నిమిషాల ఇరవై సెకన్లు వచ్చింది.

అప్పుడు ఆమెకు పద్నాలుగేళ్ళు దాటాయి. మదనపల్లె పక్కన, కొండకింద ఉన్న ఆ బాలికల క్రీడా పాఠశాలలో మూడువేల మీటర్ల పరుగులో ఆమెను దాటినవాళ్ళు లేరు. ఆ తర్వాత కుర్చీలో కూర్చున్న నౌహీరా అదే తరగతి పిల్ల. పొట్టిగా, చిన్నపిల్లలా ఉండేది. ఎప్పుడు పరిగెత్తినా ఐదో స్థానమో ఆరో స్థానమో. నౌహీరాకు పెట్టె పదిహేను నిమిషాల ముప్ఫై ఒక్క సెకన్లు చూపించింది.

గుమ్మంలో నిలబడి చూస్తున్న కోచ్ మునిరత్నం ఆ రెండు కాగితాలూ తీసుకుని అటూ ఇటూ మార్చి చూశాడు. పేర్లు తారుమారయ్యాయేమో చూడమన్నాడు. కాలేదని మందాకిని చెప్పింది. ఆయన కాగితాలు బల్లమీద పెట్టి గ్రౌండుకు వెళ్ళిపోయాడు.

నీలగిరుల్లో ఉన్న దూరపరుగుల శిక్షణ కేంద్రానికి ప్రతి ఏడూ మన రాష్ట్రం నుంచి నలుగురు అమ్మాయిలు వెళ్తారు. అక్కడికి చేరితే చదువూ తిండీ శిక్షణా పదేళ్ళ దాకా వాళ్ళే చూసుకుంటారు. అంతకుముందు ఆ నలుగురినీ పందెం పెట్టి ఎంచేవాళ్ళు. పద్నాలుగేళ్ళకు ఎవరు ముందుంటే వాళ్ళే. అలా వెళ్ళినవాళ్ళలో చాలామంది పద్దెనిమిదో ఏటికల్లా వెనకబడి ఇళ్ళకు తిరిగొచ్చేవాళ్ళు. కిందటేడు నుంచి ఎంపిక మందాకిని యంత్రం చేతికి వచ్చింది.

ఆ యంత్రం ఆమె ఉద్యోగం కోసం చేసిన పని కాదు. తనూ ఒకప్పుడు నెల్లూరు జిల్లాలో పదిహేనువందల మీటర్లు పరిగెత్తేది. పదిహేనో ఏట ఒళ్ళు మారింది. ఒక్క ఏడాదిలో పన్నెండు సెకన్లు వెనకబడింది. అప్పటి కోచ్ అందరు పిల్లల ముందూ ఇక దీని పని అయిపోయిందని చెప్పి, మర్నాడే ట్రంకుపెట్టె సర్దించి ఇంటికి పంపేశాడు. ఆడపిల్లల ఒంట్లో ఆ ఏడాది అందరికీ వస్తుంది, వచ్చి పోతుంది, ఓపిక పడితే అంతకన్నా వేగంగా పరిగెత్తే రోజులు తర్వాత వస్తాయి అని ఆమెకు చాలా ఏళ్ళ తర్వాత, పుస్తకాలు చదివాక తెలిసింది. ఆ ఒక్క ఏడాదిని చూసి ఎవరినీ ఇంటికి పంపకుండా ఉండాలని, దాని అవతల ఏముందో చూసే సాధనం చెయ్యాలని అనుకుంది. చేసింది. మొదటి ఏడు తొమ్మిదో స్థానంలో ఉన్న పిల్లను ఆ యంత్రం ఎంచింది. ఆ పిల్ల నీలగిరుల్లో ఏడాది తిరక్కుండానే అందరినీ దాటిపోయింది. పత్రికల్లో మందాకిని ఫొటో వచ్చింది.

పిల్లలు ఆ అంకెకు "ఇరవైనాలుగు" అని పేరు పెట్టుకున్నారు. నీ ఇరవైనాలుగు ఎంత అంటే నీ ఇరవైనాలుగు ఎంత అని ఒకరినొకరు అడిగేవాళ్ళు. కొందరు పెన్సిలు డబ్బాల మూతల మీద రాసుకున్నారు. అంకె బాగా వచ్చిన పిల్ల నడక మారిపోయేది. రానిపిల్ల నాలుగు రోజులు మాట్లాడేది కాదు. మూడు నెలలకోసారి మళ్ళీ కొలుస్తారు కాబట్టి అందరికీ ఆశ మిగిలి ఉండేది.

వారం తిరక్కుండా లిఖిత తండ్రి చలపతి బడికి వచ్చాడు. ఆయన మదనపల్లె టమోటా మార్కెట్లో లారీలకు బాక్సులు ఎత్తే పని చేస్తాడు. భార్య పార్వతమ్మ అక్కడే కాయలు ఏరుతుంది. కూతురు పరుగులో గెలిచిన ఫొటోను మార్కెట్లో తూకం షెడ్డు గోడకు అంటించి ఉన్నారు. ఆయన ల్యాబులోకి చెప్పులు విప్పి వచ్చి, తన బిడ్డ ఎప్పుడూ ఫస్టే కదా, ఆ పాపకన్నా వెనక ఎట్ల పడిందని మెల్లగా అడిగాడు. మందాకిని కాగితం తీసి చూపించింది. దాంట్లో "ఎదుగుదల మిగులు" అని ఒక వరస ఉంటుంది. లిఖితకు ఎదుగుదల దాదాపు పూర్తయిందని, నౌహీరాకు ఇంకా చాలా మిగిలి ఉందని, ఆలస్యంగా ఎదిగే శరీరం దూరపరుగుల్లో ముందు ముందు బాగా నిలబడుతుందని ఓపిగ్గా చెప్పింది. చలపతి తల ఊపాడు. పక్కన నిలబడ్డ లిఖిత ఒక్క మాట అడిగింది.

"ఆ మిగులు తొందరగా అయిపోకుండా ఉండాలంటే ఏం చెయ్యాల మేడమ్?"

అది మన చేతుల్లో లేదమ్మా అని మందాకిని ఆ పిల్ల భుజం తట్టింది. తర్వాత ఆ సంగతి మర్చిపోయింది.

ఆగస్టులో ఎనిమిదో తరగతి రూపకు టైఫాయిడ్ వచ్చింది. ఇరవై రోజులు జావ తాగి మంచం మీదే ఉంది. కోలుకున్నాక కొలిస్తే ఆ పిల్ల అంకె పద్దెనిమిది సెకన్లు మెరుగైంది. మందాకిని ఆశ్చర్యపోయి రెండోసారి కొలిచింది. మళ్ళీ అంతే వచ్చింది. జ్వరం వల్ల కొలతలో తేడా వచ్చిందని పుస్తకంలో రాసుకుని, పండగ సెలవుల తర్వాత చూద్దామని పక్కన పెట్టింది.

పిల్లలు పక్కన పెట్టలేదు.

సెప్టెంబరులో లిఖిత ఇరవైనాలుగు పదహారు నిమిషాల మూడు సెకన్లయింది. డిసెంబరులో పదిహేను నిమిషాల నలభై నాలుగు. ఎదుగుదల మిగులు తగ్గాల్సింది పోయి పెరిగింది. మందాకినికి సంతోషం పట్టలేకపోయింది. అయిపోయిందనుకున్న శరీరంలో కూడా రెండో ఎదుగుదల ఉండొచ్చని ఒక వ్యాసం రాసి పూణే సదస్సులో చదివింది. బడిలో ఇంకా కొందరి అంకెలు అలాగే మెరుగయ్యాయి. అది మునిరత్నం శిక్షణ గొప్పతనమని ఆమె అందరితో చెప్పింది.

మునిరత్నం మాత్రం ఒకరోజు వచ్చి లిఖిత అడుగులో ఊపు తగ్గిందన్నాడు. పట్టపగలు స్వెట్టరు వేసుకుని తిరుగుతోందని, పిలిస్తే రెండోసారికి గానీ పలకడం లేదని చెప్పాడు. అయినా పరుగులో ఆ పిల్ల ఆరు సెకన్లు మెరుగైంది కాబట్టి ఆయన ఆ మాట గట్టిగా అనలేకపోయాడు. ఒళ్ళు మారే వయసు కదా అని మందాకిని అంది.

తర్వాత వంటమనిషి అంజినమ్మ వచ్చింది. ఆమె పదహారేళ్ళుగా ఆ బడిలో వండుతోంది. ల్యాబు గడప ఎప్పుడూ ఎక్కలేదు. చేతులు కొంగుకు తుడుచుకుంటూ గుమ్మం బయటే నిలబడి, పిల్లలు రాగి సంగటి ముద్ద సగం కూడా తినడం లేదని, కొందరు పళ్ళెంలో పెట్టించుకుని నేరుగా కుక్కలకు వేసి వస్తున్నారని చెప్పింది. చలికాలంలో కూడా రోజూ సంగటేనా, మెనూ కొంచెం మార్చి చూడమని మందాకిని సలహా ఇచ్చింది. అంజినమ్మ ఇంకేదో చెప్పబోయి, పెట్టె ముందు కూర్చుని ఉన్న ఇద్దరు పిల్లల్ని చూసి ఊరుకుంది.

ఆ చలికాలంలోనే నౌహీరా పెద్దమనిషయింది. దాంతో ఆమె అంకె ఐదు సెకన్లు వెనకబడి పదిహేను నిమిషాల ముప్ఫై ఆరుకు వచ్చింది. ఆ పిల్ల ల్యాబులోనే ఏడ్చింది. ఇది మామూలేనని, ఈ అంకెతో కూడా తనే రాష్ట్రంలో మొదటి నలుగురిలో ఉందని మందాకిని సముదాయించి పంపింది.

ఫిబ్రవరిలో లిఖిత మేనమామ కూతురి చెవులు కుట్టే వేడుకకని రెండు రోజులు సెలవు పెట్టి ఇంటికి బయల్దేరింది. మదనపల్లె బస్టాండులో పార్వతమ్మ ఎదురుచూస్తోంది. బస్సు ఆగింది. లిఖిత భుజానికి సంచి తగిలించుకుని మెట్టు దిగింది. ఎవరూ తోయలేదు, కాలు జారలేదు. కుడికాలు నేలకు ఆనగానే టక్కుమని చప్పుడైంది. సంచి పట్టీ తెగిందేమోనని పార్వతమ్మ ముందు సంచి వైపే చూసింది. చూసేసరికి కూతురు నేలమీద ఉంది.

తుంటి దగ్గర ఎముక విరిగింది. తిరుపతిలో ఒక పెద్దాసుపత్రికి తీసుకుపోయి మరలు వేశారు. మూడోరోజు మందాకిని వెళ్ళింది. ఆపరేషన్ చేసిన డాక్టరు వయసులో చిన్నదే. వరండాలోకి పిలిచి ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూపించింది. అరవై ఏళ్ళ ముసలమ్మ బాత్రూములో జారిపడితే విరిగే చోటు ఇది, పదిహేనేళ్ళ పిల్లకు మెట్టు దిగితే విరగడం తను చూడలేదని చెప్పింది. ఈ పిల్ల నెలనెలా బయట ఉంటోందా అని అడిగింది. మందాకినికి తెలియదు. పార్వతమ్మను అడిగితే, బడిలో ఉండే పిల్ల కదా, తనకూ తెలియదంది. ఎప్పుడు ఫోను చేసినా బాగుండానని చెప్పేదంది.

మందాకిని లోపలికి వెళ్ళి మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది. దుప్పటి మీదున్న ఆ పిల్ల చెయ్యి చూసింది. ఇన్ని నెలలు ఆ మోకాలికి పట్టీ చుట్టింది గానీ, ఆ చెయ్యి ఎంత సన్నబడిందో ఇప్పుడే చూసింది. నెలసరి ఆగి ఎన్నాళ్ళైందని అడిగింది.

"ఐదు నెలలాయె మేడమ్."

ఎందుకు చెప్పలేదని అడిగింది. లిఖిత దాపరికం లేకుండా అంతా చెప్పింది. రూపకు జ్వరమొచ్చి తిండి లేనందుకే అంకె మెరుగైందని తమ తరగతి పిల్లలే కనిపెట్టారట. ముందు ఇద్దరు చేసి చూశారట. వాళ్ళకూ మెరుగైందట. తర్వాత తను. తర్వాత చాలామంది. నెలనెలా రావడం ఆగిపోతే మిగులు నిలబడిపోయిందని గుర్తట. ఆగిన రోజు స్నేహితురాళ్ళు చప్పట్లు కొట్టారట.

"నేను దొంగతనం చెయ్యలేదు మేడమ్. ఎదుగుదల మిగిలితే మంచిదని మీరే చెప్పినారు కదా," అంది లిఖిత. ఆ గొంతులో నిష్ఠూరమేమీ లేదు. నేర్చుకున్న పాఠం అప్పజెబుతున్నట్టుంది. ఆ వెంటే అడిగింది. "ఇప్పుడు నా ఇరవైనాలుగు ఎంత మేడమ్?"

మందాకిని ముందు నువ్వు లేచి నడవాలమ్మా అంది. ఆ మాట తనకే చాలా దూరంనుంచి వినిపించింది.

కానీ బడికి తిరిగొచ్చాక ఆమె ఆ ప్రశ్నను వదిలించుకోలేకపోయింది. లిఖిత ఊరికి బయల్దేరే ముందురోజు ఎంపిక కోసం కొలిచిన కొలతలు పెట్టెలో అలాగే ఉన్నాయి. ఆ వారం హడావుడిలో ఇంకా లెక్క తియ్యలేదు. సాయంత్రం నాలుగింటికి, కిటికీలోంచి గ్రౌండులో పిల్లల విజిల్స్ వినిపిస్తుండగా, ఆమె మీట నొక్కింది.

పదిహేను నిమిషాల ఇరవై ఎనిమిది సెకన్లు.

బడిలో అందరికన్నా మంచి అంకె అది. నౌహీరా కన్నా ఎనిమిది సెకన్లు తక్కువ. తుంటి విరిగి ఆసుపత్రిలో పడుకున్న పిల్ల, మర్నాడు మెట్టు దిగితే ఎముక విరగబోయే పిల్ల, ఆ పెట్టె లెక్కలో రాష్ట్రంలోకెల్లా గొప్ప భవిష్యత్తు ఉన్న పిల్ల. పెట్టె తప్పు కొలవలేదు. ఎదుగుదల నిజంగానే ఆగి ఉంది. ఇంకా విచ్చుకోని శరీరానికీ, విచ్చుకోనివ్వని శరీరానికీ తేడా దానికి తెలియదు. ఆ తేడా ఉంటుందని దానికి చెప్పాల్సిన మనిషి తనే. టైఫాయిడ్ పిల్ల కాగితం చేతిలో పట్టుకుని కూడా చూడని మనిషీ తనే.

మర్నాడు ఆమె మెస్సుకు వెళ్ళి అంజినమ్మను పక్కకు పిలిచింది. తినని పిల్లలెవరో చెప్పమంది. అంజినమ్మ గిన్నెలు దించి, పీట వేసుకుని కూర్చుని, ఒక్కొక్క పేరూ చెప్పుకుంటూ వచ్చింది. ఎవరు ఎప్పటినుంచి మానేశారో, ఎవరు నీళ్ళు తాగి కడుపు నింపుకుంటున్నారో, ఎవరు తిన్నట్టు నటిస్తున్నారో అన్నీ ఆమెకు నోటికి వచ్చు. మందాకిని చేతిలో అంకెలు మెరుగైన పిల్లల జాబితా ఉంది. మొత్తం పంతొమ్మిది మంది. అంజినమ్మ చెప్పిన పేర్లు పదిహేడు. మిగిలిన ఇద్దరూ ఆ ఏడాది జ్వరంతో పడుకున్నవాళ్ళు.

"మీ పెట్టె ఏం కొలుస్తాదో నాకు తెల్దు మేడమ్," అంది అంజినమ్మ. "ఎవురు తింటాండారో ఎవురు తినలేదో కొలవాలంటే, పెట్టె యాల? నన్నడిగింటే ఆ పొద్దే చెప్పేదాన్ని."

ఆమె ఆ రోజు గుమ్మం దగ్గరికి వచ్చి చెప్పిన సంగతి ఇద్దరికీ గుర్తుంది. ఇద్దరూ ఎత్తలేదు. నౌహీరా పేరు ఇందులో లేదేమని మందాకిని అడిగింది. ఆ పిల్ల తింటుందని, గదిలో తక్కిన పిల్లలు ఎంత గేలి చేసినా రెండోసారి పెట్టించుకుని మరీ తింటుందని అంజినమ్మ చెప్పింది.

మందాకిని కబురు పంపితే ఆ వారమంతా పదిహేడు మంది పిల్లల తల్లిదండ్రులూ వచ్చారు. కొందరు ఏడ్చారు. ఒకరిద్దరు, ఎంపిక అయ్యేదాకా ఈ సంగతి బయటపెట్టొద్దని బతిమాలారు. మందాకిని రాష్ట్రంలోని మిగతా తొమ్మిది బడుల లెక్కలు కూడా తెప్పించింది. ఆ యంత్రం వెళ్ళిన ప్రతిచోటా అదే జరిగింది. ఎవరూ ఎవరికీ చెప్పకుండానే పిల్లలు ఎక్కడికక్కడ కనిపెట్టేశారు.

మార్చిలో ఎంపిక సంఘం విజయవాడలో సమావేశమైంది. మందాకిని, మునిరత్నం ఇద్దరూ వెళ్ళారు. లిఖిత ఎక్స్‌రేనూ, ఆఖరి అంకెనూ ఆమె బల్లమీద పక్కపక్కన పెట్టి అంతా చెప్పింది. సంఘం అధ్యక్షుడు మంచివాడే. చాలాసేపు ఆ ఎక్స్‌రే చూశాడు. తర్వాత, యంత్రంలో లోపం ఉంటే సరిదిద్దాలి గానీ యంత్రాన్నే మానేస్తే ఎలా అన్నాడు. ఆకలిని కూడా కొలిచే ఏర్పాటు ఒకటి చేర్చమన్నాడు. బరువు చూద్దాం, రక్తం చూద్దాం అని మిగతావాళ్ళు తలా ఒకటి చెప్పారు.

అది చెయ్యగలనని మందాకినికి తెలుసు. వచ్చేటప్పుడు బస్సులో దాని నమూనా కూడా ఒక కాగితం మీద గీసుకుంది. రెండు నెలల పని. ఆ కాగితం ఇప్పుడు సంచిలోనే ఉంది. తీసి బల్లమీద పెడితే పదకొండేళ్ళ కష్టం నిలబడుతుంది.

"నాకు పదకొండేళ్ళు పట్టింది," అంది ఆమె. "దాన్ని దాటడానికి పిల్లలకు ఆరు వారాలు పట్టింది. నేను ఏది కొలిస్తే వాళ్ళు ఒంట్లో దాన్నే మార్చుకుంటారు సార్. ఈసారి ఇంకేం మానేస్తారో నాకు తెలియదు. తెలిసేలోపల ఇంకొకరి ఎముక విరుగుతుంది."

యంత్రం చెప్పిన అంకెల కింద ఆమె సంతకం ఉంటేనే ఎంపికకు చెల్లుతుంది. ఇకపై సంతకం పెట్టనని రాసిచ్చింది. ఆ ఏడాది నలుగురినీ మునుపటిలాగే పందెం పెట్టి ఎంచాలని సంఘం తీర్మానించింది.

తిరుగు ప్రయాణంలో, బస్సు కడప దాటాక మునిరత్నం నోరు విప్పాడు. ఆ పెట్టె మొదటిరోజు నుంచీ తనకు నచ్చలేదని, కానీ నౌహీరా విషయంలో మాత్రం దాన్ని నమ్మాడని చెప్పాడు. ఆ పిల్ల గుండెదమ్ము తనకు పందెంలో కనపడలేదు, పెట్టె చూపించాకే గమనించడం మొదలుపెట్టాడు. చూస్తే నిజమే. ఇంకో నాలుగేళ్ళు ఎవరైనా ఓపిక పడితే ఆ పిల్ల ఎక్కడికో పోతుంది. పందెం పెడితే ఇప్పుడు ఆరో స్థానం వస్తుంది. ఇదంతా చెప్పి, ఆ బిడ్డకు మీరే చెప్పండి మేడమ్ అన్నాడు.

పొద్దున ప్రాక్టీసు అయ్యాక గ్రౌండు అంచున, చెమట తుడుచుకుంటున్న నౌహీరాకు మందాకిని చెప్పింది. యంత్రాన్ని ఎందుకు మానేశారో, ఎవరికి ఏమైందో, ఈసారి ఎంపిక ఎలా జరుగుతుందో అన్నీ ఒక్కొక్కటీ చెప్పింది. నౌహీరా బూటు లేసు విప్పుతూ వింది. రెండో బూటు విప్పలేదు.

"నేను తిన్నాను కదా మేడమ్," అంది.

మందాకిని తలూపింది.

"గదిలో అందరూ మానేసినా నేను తిన్నాను. అంకె వెనకబడతా ఉన్నా తిన్నాను. మా అమ్మీ తినమని చెప్పింది, నేను తిన్నాను. వాళ్ళు చేసిన దానికి నాది ఎందుకు తీసేస్తారు?"

నీకొక్కదానికే సంతకం పెడితే వచ్చే ఏడు ఇంకొందరు పిల్లలు ఆకలితో ఉంటారని మందాకిని చెప్పింది. చెబుతుండగానే, పదిహేనేళ్ళ పిల్ల ముందు పెట్టాల్సిన న్యాయం కాదిది అనిపించింది. నీ అంకె నిజమైనదేనని నేను నమ్ముతున్నాను అని కూడా అంది. నౌహీరా లేచి, ఒక కాలికి బూటుతో ఒక కాలు వట్టిదిగా, హాస్టలు వైపు నడిచి వెళ్ళిపోయింది.

ఏప్రిల్లో పందెం జరిగింది. నౌహీరాకు ఆరో స్థానం వచ్చింది. వెళ్ళిన నలుగురిలో ఇద్దరు అప్పటికే ఎదుగుదల పూర్తయినవాళ్ళని మందాకినికి తెలుసు. ఆ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు. పదో తరగతి పరీక్షలయ్యాక నౌహీరా బడి వదిలి, మదనపల్లెలో ఇంటర్మీడియట్‌లో చేరింది. పొద్దున పూట గ్రౌండుకు రమ్మని మునిరత్నం రెండుసార్లు కబురు పంపాడు. రాలేదు.

మందాకిని బడిలోనే ఉండిపోయింది. పట్టీలనూ పెట్టెనూ బీరువాలో పెట్టి తాళం వేసింది. ఇప్పుడు ఆమె పని పిల్లల తిండి, నిద్ర, నెలనెలా లెక్క. పదిహేడు మందిలో పదకొండు మంది మామూలుగా అయ్యారు. నలుగురు ఇంకా ముద్ద ముందు పెట్టుకుని కూర్చుంటారు, మింగలేరు. ఇద్దర్ని తల్లిదండ్రులు తీసుకుపోయారు. మధ్యాహ్నం పూట ఆమె మెస్సులోనే, ఆ నలుగురి పక్కనే కూర్చుని తింటుంది. ఎవరినీ తినమని అనదు.

జులైలో ఒకరోజు పొద్దున్నే పార్వతమ్మ ఫోను చేసింది. వెనక మార్కెట్లో వేలం పాటల కేకలు. పార్వతమ్మ కొంచెం పక్కకు వచ్చినట్టుంది, కేకలు తగ్గాయి.

"లిఖితకు ఈ పొద్దు అయ్యింది మేడమ్," అంది. "మీకు చెప్పాలనిపించింది."

పది నెలల తర్వాత మళ్ళీ నెలసరి. ఎలా నడుస్తోందని మందాకిని అడిగింది. ఇప్పుడు కర్ర లేకుండా నడుస్తోందని, కొంచెం ఎగుడుదిగుడుగా ఉందని, నిన్న తనంతట తనే అడిగి ఇంకో దోసె వేయించుకుందని చెప్పింది. పరుగు సంగతి ఇద్దరూ ఎత్తలేదు. బాక్సులు వచ్చాయని పార్వతమ్మ ఫోను పెట్టేసింది.

మందాకిని నేరుగా మెస్సుకు వెళ్ళి అంజినమ్మకు చెప్పింది. అంజినమ్మ సంగటి కెలికే కట్టె ఆపి, దేవుడా అని ఒక్క మాట అని, మళ్ళీ కెలకడం మొదలుపెట్టింది. కాసేపటికి తల ఎత్తకుండానే అడిగింది.

"నౌహీరా ఎట్లుండాది మేడమ్?"

తెలియదని మందాకిని చెప్పింది. సాయంత్రం బస్సెక్కి మదనపల్లెలో దిగి, బెంగళూరు రోడ్డు వెనక సందుల్లో దారి అడుగుతూ వెళ్ళింది. నౌహీరా తల్లి ఇంట్లో జాకెట్లు కుడుతుంది కాబట్టి ఇల్లు తొందరగానే దొరికింది. ఆమె మిషను మీదనుంచి లేచి, ఎవరో తెలుసుకుని, ఒక్క క్షణం నిలబడి, తర్వాత కుర్చీ మీది గుడ్డలు తీసి కూర్చోమని లోపలికి వెళ్ళింది. మందాకిని కూర్చోలేదు.

లోపలి గదిలోంచి నౌహీరా వచ్చింది. మూడు నెలల్లో పొడుగైంది. భుజాలు వెడల్పయ్యాయి. కాళ్ళు సాగాయి. ఏడాది కిందట పెట్టె చెప్పిన మాటలన్నీ ఇప్పుడు ఎవరికైనా కంటికే కనిపించేలా ఉన్నాయి. మందాకిని చూడకుండా ఉండలేకపోయింది. నౌహీరా ఆ చూపు గమనించింది. గమనించి, చున్నీ భుజాల మీదికి లాక్కుంది.

"మీతో మాట్లాడాలని నాకు లేదు మేడమ్," అంది నౌహీరా. లోపల గిన్నె చప్పుడైంది. ఆ పిల్ల అటు చూసి, మళ్ళీ ఇటు తిరిగింది. "అమ్మీ టీ పెడతా ఉంది. తాగి పోండి."

ఆ పిల్ల గోడకు ఆనుకుని, చేతులు కట్టుకుని, అక్కడే నిలబడింది. లోపలికి వెళ్ళలేదు. మందాకిని కూర్చుంది.